దొంగ స్టాపు

సోమవారం పొద్దున్నే మొదటి బండి ఎక్కిన ఆ అమ్మాయిలో కండక్టరమ్మకు ముందుగా కంటబడినవి బూట్లు. లావు అడుగులు, గట్టి తాళ్లు. ఆఫీసులకు వెళ్లే ఆడపిల్లలు అలాంటివి తొడగరు. పొద్దస్తమానం బళ్లెక్కి దిగే చెకింగు వాళ్లు తొడుగుతారు. ఆ పైన చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పుకు కాగితాలు, చెవి వెనక పెన్ను. ఇంకేం కావాలి?

"టికెట్టు," అంది కండక్టరమ్మ, మెడలో వేలాడుతున్న టికెట్ మిషను మీద వేలు పెట్టి.

ఆ అమ్మాయి మడత పెట్టిన ఉత్తరం ఒకటి తీసి ఇచ్చింది. యూనివర్సిటీ వాళ్లదట. నగరంలో జనం ఎలా తిరుగుతున్నారో పరిశోధన చేస్తున్నారట. సిబ్బంది సహకరించగలరు. కింద గుండ్రటి నీలం ముద్ర. కండక్టరమ్మ ఆ ముద్రను వెలుతురుకు పెట్టి మరీ చూసింది. ముద్రదేముంది, సందు చివర కొట్లో అడిగితే సాయంత్రానికి చేసిస్తాడు.

"ఎన్నాళ్లు?"

"ఐదు రోజులక్కా. శుక్రవారం దాకా. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంతమంది దిగుతున్నారు, అంతే. మీ పనికి అడ్డు రాను."

వరస కలుపుతోంది అప్పుడే. ఆ అమ్మాయి బండంతా వదిలేసి సరిగ్గా వెనక తలుపు దగ్గర, కండక్టరు సీటుకు ఎదురుగా కూర్చుంది. కండక్టరమ్మ ముందుకు వెళ్లి డ్రైవరు చెవి దగ్గర వంగి, "వెనకాల చుట్టం వచ్చింది," అంది. డ్రైవరు అద్దంలో చూసి, "చిత్రగుప్తుడి చెల్లెల్లా ఉందే," అన్నాడు. ఆయనకు ప్రతిదీ హాస్యమే, కానీ ఆ మాట తర్వాత ఈల వేయడం మానేశాడు.

ఆ బండి సంగతి ఒకటి చెప్పాలి. బెల్లు ఒకసారి మోగితే ఆపమని, రెండుసార్లు మోగితే పొమ్మని. ఇది ఏ బండిలోనైనా ఉన్నదే. ఈ బండిలో మూడోది కూడా ఒకటుంది. తాడును లాగీ లాగనట్టు వేలితో మీటితే బెల్లు నిండుగా మోగదు, కిణుక్కుమని ఊరుకుంటుంది. దాన్ని అర బెల్లు అంటారు. పెద్దాసుపత్రి వెనక గేటు దాటాక, బ్రిడ్జి ఎక్కబోయే ముందు గోడ పక్కన అర బెల్లు పడుతుంది. డ్రైవరు ఎడమకు ఒరిగి బండిని నడక వేగానికి దించుతాడు. ఆసుపత్రి బట్టలుతికే షెడ్డులో పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్లు టపటపా దిగిపోతారు. వాళ్లలో పెద్దది, బండిలో అందరూ ఇస్త్రీ అత్త అని పిలిచే ఆవిడ, మోకాలి నొప్పి మనిషి కాబట్టి ఆమె దిగేదాకా చక్రం పూర్తిగా ఆగుతుంది. పది సెకన్ల పని.

బ్రిడ్జి రాకముందు అక్కడ సిసలైన స్టాపే ఉండేది. బ్రిడ్జి వచ్చాక స్టాపును అవతలి చివరకు మార్చేశారు. అక్కడ దిగినవాళ్లు రెండు రోడ్లు దాటి, నడక వంతెన మెట్లెక్కి దిగి, బ్రిడ్జి కింది నుంచి వెనక్కి రావాలి. కాళ్లున్నవాళ్లకు పావుగంట. బ్రిడ్జి మొదట్లో బండి ఆపితే మాత్రం కండక్టరునూ డ్రైవరునూ ఇద్దర్నీ ఇంటికి పంపిస్తామని డిపో గోడ మీద నోటీసు ఉంది. అందుకే దానికి దొంగ స్టాపని పేరు. ఆ పేరు పెట్టింది డ్రైవరే, నవ్వుతూ.

ఆ రోజు బండి గోడ దగ్గరకు వచ్చింది. ఎనిమిది మందీ లేచి, సంచులు భుజాన వేసుకుని తలుపు దగ్గరకు వచ్చారు. కండక్టరమ్మ తాడు ముట్టుకోలేదు. టికెట్ మిషనులో కాగితం చుట్ట సరిగ్గా ఉన్నా మూత తీసి మళ్లీ పెట్టింది. బండి బుర్రున బ్రిడ్జి ఎక్కింది.

"ఏమే కోడలా, నిద్రపోయావా?" అంది ఇస్త్రీ అత్త, కడ్డీ పట్టుకుని ఊగుతూ. కండక్టరమ్మ కళ్లతోనే ఎదురు సీటు వైపు చూపించింది. ముసలామె అట్టను చూసింది, కాగితాలను చూసింది. నోరు మూసుకుంది. అవతలి స్టాపులో ఎనిమిది మందీ దిగారు. ఆ అమ్మాయి వాచీ చూసుకుని గడిలో ఎనిమిది వేసింది.

మంగళవారం కండక్టరమ్మ ఆ అమ్మాయి మీద నుంచి చూపు తిప్పలేదు. టికెట్లు కొడుతూనే ఒక కన్ను అటు వేసి ఉంచింది. ఆ పిల్ల పుస్తకం చదవదు, ఫోను చూడదు. ఎక్కినవాళ్ల కాళ్లు చూస్తుంది. కాళ్లు లెక్కపెట్టి రెండుతో భాగిస్తుందేమో! బండి గోడ దగ్గరకు రాగానే మాత్రం సీట్లోంచి లేచి, కిటికీ ఊచలు పట్టుకుని బయటికి వంగి చూసింది. అట్ట సీటు మీదే ఉండిపోయింది.

కండక్టరమ్మ చిల్లర కింద పడినట్టు వంగింది.

కాగితం మీద స్టాపుల పేర్లన్నీ వరసగా అచ్చులో ఉన్నాయి. బ్రిడ్జికి చాలా ముందున్న స్టాపుకూ బ్రిడ్జి అవతలి స్టాపుకూ మధ్య, రెండు అచ్చు గీతల నడుమ ఇరుకులో, చేతిరాతతో రెండు మాటలు ఉన్నాయి. దొంగ స్టాపు. చుట్టూ సున్నా చుట్టి ఉంది.

ఆ మాట ఏ రికార్డులోనూ ఉండదు. డ్రైవరుకు తెలుసు, తనకు తెలుసు, ఆ ఎనిమిది మందికి తెలుసు. బయటివాళ్లు చదివితే అందులో స్టాపు కనబడదు, దొంగే కనబడుతుంది. ఆ దొంగ ఎవరో తెలుసుకోవడానికి ఆ రోజు డ్యూటీ చార్టు చాలు.

బండి చివరి స్టాండులో ఆగాక డ్రైవరుకు చెప్పింది. ఆయన గ్లాసులో టీ సగం తాగి మిగతాది నేల మీద పారబోశాడు.

"ఎవరో మాట మోసేశారు చెల్లెమ్మా. మన బండిలోనే ఉన్నారు."

అనుమానం ఒకసారి లోపలికి వస్తే చాప వేసుకుని కూర్చుంటుంది. ఎనిమిది ముఖాలూ కండక్టరమ్మ కళ్ల ముందు తిరిగాయి. ఆ కాటుక పిల్ల ఎప్పుడూ పక్కచూపులు చూస్తుంది. ఆ పొడుగామెకు మొన్న చిల్లర దగ్గర మాట వచ్చింది. రోజూ నవ్వుతూ దిగేవాళ్లలో ఒక్కరి నవ్వు కూడా ఆమెకు నవ్వులా తోచలేదు.

మధ్యాహ్నం పని దిగి తిరిగి వచ్చే బండిలో ఇస్త్రీ అత్తను పక్కకు పిలిచి అడిగింది. ముసలామె దాచలేదు.

"నేనే చెప్పానే. రెండు వారాల కింద ఈ పిల్లే గేటు దగ్గర నిలబడి అందర్నీ అడుగుతోంది, ఎక్కడ దిగుతారమ్మా, ఎంత దూరం నడుస్తారమ్మా అని. చదువుకునే పిల్ల కదా, పాపం ఎండలో నిలబడిందని చెప్పాను. దొంగ స్టాపులో దిగుతామంటే పకపకా నవ్వింది కూడా."

"నవ్వుతుంది, ఎందుకు నవ్వదు? నా కొంప ముంచావు కదత్తా! నా బిడ్డ చదువు సగంలో ఉంది. ఈ ఉద్యోగం పోతే నన్ను ఎవరు పెట్టుకుంటారు?"

బండిలో నలుగురూ తిరిగి చూశారు. ఇస్త్రీ అత్త చేతులకు గంజి అంటుకుని తెల్లగా ఉంది. ఆ చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"ఇంకెవరు అడిగినా అక్కడ ఎప్పుడూ దిగలేదని చెప్పండి. అందరికీ చెప్పు. నా మీద ఒట్టు వెయ్యి."

ముసలామె గంజి చేతిని కండక్టరమ్మ చేతిలో పెట్టింది. "నా నోటితో చెడగొట్టాను, ఈ నోటితోనే కాస్తాను. సరేనా?"

బుధవారం బండి బ్రిడ్జి మీద ట్రాఫిక్కులో కాసేపు ఆగింది. కండక్టరమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. అంతకుముందు వెళ్లిన రోజుల్లో అటు చూడవలసిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. గోడ వారన రాళ్ల మీద దారి సన్నగా పోతోంది. కాసేపటికి బండి అవతలి స్టాపులో ఆగింది, ఎనిమిది మందీ దిగి వెనక్కి తిరిగారు. ఏడుగురు దాదాపు పరుగు తీశారు. ఇస్త్రీ అత్త నడక వంతెన మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ చేర్చి, మళ్లీ పైకి చూసి, మళ్లీ ఒక మెట్టు ఎక్కుతోంది. మధ్యలో ఒక చోట మెట్టు మీదే కూర్చుండిపోయింది. బండి కదిలింది.

షెడ్డు గుమ్మంలో వేలిముద్ర మిషను ఉంటుంది. ఆరున్నర దాటాక వేలు పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది. నెలలో మూడు ఎర్ర లైట్లు పడితే సూపర్‌వైజరు పేరు కొట్టేస్తాడు, ఇంకొకరిని తెచ్చుకుంటాడు. ముసలామెకు సోమవారం ఒకటి పడింది. మంగళవారం ఎలాగో గట్టెక్కింది. బుధవారం రెండోది. ఈ సంగతి ఆమె చెప్పలేదు. కాటుక పిల్ల చెప్పింది, టికెట్టు తీసుకుంటూ, ముఖం చూడకుండా.

గురువారం ఇస్త్రీ అత్త మోకాలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని బండి ఎక్కించారు. "ఏం అత్తా, ఎలా ఉంది?" అంది కండక్టరమ్మ. "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను," అంది ముసలామె, ఎదురు సీటు అమ్మాయికి కూడా వినబడేలా. అవతలి స్టాపులో ఆ ఇద్దరూ ఆమెను దాదాపు మోసుకుపోయారు. వాళ్లు వేలు పెట్టేసరికి నిమిషం మిగిలిందట. ఇంకోసారి అలా మోయడం తమవల్ల కాదన్నారట.

ఆ రోజు చివరి స్టాండులో బండి ఖాళీ అయ్యాక కండక్టరమ్మ ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నిజం చెప్పమ్మాయ్. నిన్నెవరు పంపారు?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. "మా ప్రొఫెసరు గారు."

"మరి దొంగ స్టాపు ఎందుకు రాశావు?"

ఆ అమ్మాయి కాగితాలు తిప్పి, నాలుగు రోజుల కాగితాలూ సీటు మీద వరసగా పరిచింది. ఇరుకులో చేతిరాతతో రాసిన ఆ వరసలో నాలుగు సున్నాలు ఉన్నాయి.

"గేటు దగ్గర నాతో అంతమంది చెప్పారక్కా, ఇక్కడే దిగుతామని. అందుకే అచ్చులో లేకపోయినా ఈ వరస నేనే కలిపాను. బ్రిడ్జి వచ్చాక జనానికి నడక ఎంత పెరిగిందన్నదే మా పరిశోధన. జనం నిజంగా ఇక్కడ దిగుతున్నారని లెక్క తేలితే, స్టాపు మళ్లీ ఇక్కడికి తెమ్మని రాస్తాం. వచ్చే వారమే కమిటీ. కమిటీవాళ్లు మాటలు నమ్మరు, లెక్క చూస్తారు. లెక్కేమో సున్నా." పెన్ను క్లిప్పుకు తగిలించి, "జనం నాతో అబద్ధం చెప్పారేమో అనుకుంటున్నాను," అంది.

తాడు ముట్టని తన చెయ్యి కండక్టరమ్మకు పరాయిగా అనిపించింది.

"బండి నెమ్మదిస్తే లెక్కలోకి వస్తుందా?"

"రాదక్కా. చక్రం పూర్తిగా ఆగాలి. రేపు ఒక్కరోజే ఉంది."

"ఆగిందనుకో. కాగితం మీద మా నెంబర్లు ఉంటాయా?"

ఆ అమ్మాయి కాగితం పైభాగం చూపించింది. బండి నెంబరు, డ్రైవరు నెంబరు, కండక్టరు నెంబరు. "ఇవి లేకపోతే లెక్క చెల్లదు. ఒక కాపీ మీ డిపోకు కూడా పోతుంది."

"వాళ్లు మమ్మల్ని ఏమైనా చేస్తారా?"

"తెలియదక్కా." ఆ పిల్ల పరిచిన కాగితాలను దొంతిగా సర్దింది. "ఏమీ చేయరని చెప్పలేను."

ఏమీ చేయరని తియ్యగా చెప్పి ఉంటే కండక్టరమ్మ అక్కడికక్కడే కడిగేసి పంపేది. చెప్పలేదు కాబట్టి మరీ చిక్కులో పడింది. డ్రైవరుతో అంటే ఆయన తల గోక్కున్నాడు.

"ఎర వేస్తోందేమో చెల్లెమ్మా. నాలుగు రోజులు మనం దొరకలేదు. చివరి రోజు మన చేతే ఆపించి పట్టుకుందామని."

"నాకూ అలాగే ఉందన్నా."

"బెల్లు నీది, బ్రేకు నాది. కొడితే ఆపుతాను. కొట్టకపోతే నేనేం అడగను."

శుక్రవారం ఎనిమిది మందీ ఎక్కారు. ఇస్త్రీ అత్తను ఎక్కించడానికి ముగ్గురు కావలసి వచ్చింది. గుడ్డ కింద మోకాలు బూరెలా పొంగి ఉంది. సీట్లో కూర్చున్నాక ఆమె పెదాలు కొరుక్కుంటూ కిటికీ వైపు తిరిగింది. ఎదురుగా ఆ అమ్మాయి, అదే అట్ట, అవే బూట్లు. ఈ పిల్ల చెప్పింది నిజమా? కమిటీ నిజమా, ఎర నిజమా? వెనక గేటు వచ్చింది. వెనక గేటు దాటింది. గోడ మొదలైంది.

కండక్టరమ్మ తాడు పట్టుకుని నిండుగా, ఒక్కసారి లాగింది. బెల్లు బండంతా ఖంగుమంది.

బండి ఎడమకు ఒరిగింది, నెమ్మదించింది, చక్రం పూర్తిగా ఆగింది. ఆ అమ్మాయి పెన్ను తీసింది.

ఒక్కరూ లేవలేదు.

ఎనిమిది మందీ సంచులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, ఎవరికీ ఏమీ కానట్టు కూర్చున్నారు. కాటుక పిల్ల గోళ్లు చూసుకుంటోంది.

"దిగండమ్మా," అంది కండక్టరమ్మ.

"ఇక్కడెందుకు ఆపారు కండక్టరు గారూ?" అంది ఇస్త్రీ అత్త గట్టిగా, ఆ అమ్మాయి వైపు ముఖం పెట్టి. ఏనాడూ ఆమె నోట గారూ లేదు, గీరూ లేదు. "ఇక్కడ స్టాపు లేదు కదండీ. మేమెవరమూ ఇక్కడ ఎప్పుడూ దిగలేదు. ఏమర్రా, దిగామా?"

"లేదు, లేదు," అన్నారు ఏడుగురూ.

వెనక నుంచి లారీ హారను మోగించింది. ఆ అమ్మాయి వాచీ చూసుకుంది, గడి చూసుకుంది, కండక్టరమ్మను చూసింది. పెన్ను గడి మీదికి దిగుతోంది.

"అత్తా, దిగు. ఇవాళ నీకు మూడోది పడుతుంది."

"నాకేం పడదు. నాకు అవతలి స్టాపే దగ్గర." చుట్టిన మోకాలిని చీర కుచ్చిళ్ల కింద దాచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు నొప్పివో, మొండితనానివో తెలియడం లేదు. కండక్టరమ్మకు మాత్రం తన ముఖం మీద ఎవరో ఫెడీమని కొట్టినట్టయింది. తాను వేయించుకున్న ఒట్టును ఈ ముసలామె తన కూడు పోగొట్టుకుని మరీ నిలబెడుతోంది.

కండక్టరమ్మ మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. కింది నుంచి చెయ్యి చాచింది.

"అన్నా, మా అత్త దిగేదాకా నేను బండెక్కను!"

"నేనూ కదలను," అన్నాడు డ్రైవరు ముందు నుంచి. లారీ హారను ఆగడం లేదు.

ఇస్త్రీ అత్త కడ్డీ పట్టుకుని కుంటుతూ తలుపు దాకా వచ్చింది. వంగి, ఈసారి చిన్న గొంతుతో, "ఏమే, ఆ పిల్లను నమ్మావా?" అంది.

"నమ్మలేదత్తా. అయినా దిగు."

ముసలామె ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బరువంతా ఆమె భుజం మీద వేసి, ఒక మెట్టు, ఇంకో మెట్టు, నేల. "పిచ్చిదానివే నువ్వు," అంది. వెనకాలే మిగతావాళ్లు దిగారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి పెదాలతో లెక్కపెట్టింది. ఇద్దరు ఆడవాళ్లు ఇస్త్రీ అత్త రెక్కలు పట్టుకుని గేటు వైపు నడిపించారు. షెడ్డు అక్కడికి నలభై అడుగులు. టైము ఇంకా ఉంది.

కండక్టరమ్మ బండెక్కింది.

"ఎనిమిది," అంది ఆ అమ్మాయి. పెన్ను మాత్రం పైకే పట్టుకుని ఉంది. "అక్కా, ఒక్క మాట అడగాలి. ఇక్కడ ఇవాళ ఒక్కరోజే ఆగిందని రాయమంటారా, రోజూ ఆగుతుందని రాయమంటారా?"

ఒక్కరోజని అంటే బండిలో ఏదో లోపం వచ్చిందనవచ్చు, ముసలామెకు ఒంట్లో బాగా లేదనవచ్చు. డిపోలో అలాంటివి చెల్లుతాయి. కండక్టరమ్మ ఆ పిల్ల కళ్లలోకి చూసింది. అక్కడ ఏముందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

"రోజూ. బ్రిడ్జి వచ్చినప్పటి నుంచి, రోజూ."

"మరి ఈ నాలుగు రోజులూ సున్నా ఉంది కదక్కా. వాళ్లు అడుగుతారు."

కండక్టరమ్మ తాడు అందుకుని రెండుసార్లు లాగింది. బండి కదిలాక, జేబు మీది నెంబరు బిళ్లను విప్పి ఆ అమ్మాయి అట్ట మీద పెట్టింది.

"ఆ సున్నాలు వాళ్లవి కావమ్మా, నావి. ఈ నెంబరు వేసి, నావని రాయి."